పాఠకుల ప్రశ్నలు, జవాబులు: కళాశాలలో గ్రంథాలయం కట్టేటప్పుడు

కళాశాల గ్రంథాలయ భవనాల గురించి సందేహాలుంటే రాయమని కిందటి సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, ఏడు ప్రశ్నలుగా చేసి ఇక్కడ ఇస్తున్నాము. జవాబులు రాసినవారు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. ఉత్తరాలు రాసినవారి పేర్లు, వారి సంస్థల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల యాజమాన్యం మూడంతస్తుల గ్రంథాలయ భవనం కట్టదలచింది. ఆర్కిటెక్ట్ చూపిన బొమ్మలో రోడ్డు వైపు, అంటే పడమటి దిక్కున, కింది నుంచి పైదాకా అద్దాల గోడ ఉంది. లోపల నేల నుంచి పైకప్పు వరకు ఖాళీగా ఉండే పెద్ద నడిమి హాలు ఉంది. చూడడానికి చాలా బాగుంది. లైబ్రేరియన్‌గా నా అభిప్రాయం అడిగారు. ఏమి చెప్పాలి? (అమలాపురం)

జవాబు: ముందుగా మిమ్మల్ని అడిగినందుకు మీ యాజమాన్యాన్ని మెచ్చుకోవాలి. చాలాచోట్ల భవనం సంగతి లైబ్రేరియన్‌కు తెలిసేది శంకుస్థాపన ఆహ్వానపత్రిక చేతికందినప్పుడే.

బొమ్మ బాగుందో లేదో చెప్పే పని కొన్నాళ్లు వాయిదా వేయండి. దానికి ముందు మీరొక కాగితం తయారు చేసి ఆర్కిటెక్ట్ చేతికివ్వాలి. ఆ కాగితంలో గదుల జాబితా రాయకండి. కుర్చీల జాబితా రాయండి. ఒక మామూలు పనిదినాన మీ గ్రంథాలయానికి వచ్చే విద్యార్థులు ఎవరు, ఏ వేళకు వస్తారు, ఎంతసేపు కూర్చుంటారు, కూర్చుని ఏమి చేస్తారు అన్నది అందులో ఉండాలి. తరగతికీ తరగతికీ మధ్య ఇరవై నిమిషాలు దినపత్రిక తిరగేసేవారికి కావలసిన కుర్చీ వేరు; నాలుగు గంటలు కదలకుండా నోట్సు రాసుకునే అమ్మాయికి కావలసిన కుర్చీ వేరు; నలుగురు కలిసి ప్రాజెక్టు రిపోర్టు తయారు చేసేవారికి కావలసిన బల్ల వేరు; ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవారికి చేయి చాపితే అందే ప్లగ్గు లేకపోతే అది కుర్చీయే కాదు. దారులతో కలిపి ఒక్కో పాఠకునికి సుమారు 25 చదరపు అడుగులు అన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. కంప్యూటరు బల్లలకూ, విడివిడిగా మరుగు పెట్టిన ఒంటరి బల్లలకూ అంతకంటె ఎక్కువే కావాలి. ఈ లెక్కను కుర్చీల సంఖ్యతో హెచ్చవేసి, పుస్తకాలకు కావలసిన చోటు కలిపితే, భవనం ఎంత ఉండాలో దానంతట అదే తేలుతుంది. మన దగ్గర సాధారణంగా ఇది తలకిందులుగా జరుగుతుంది: ముందు భవనం ముఖం గీస్తారు, ఆ వెనకాల మిగిలిన చోటులో కుర్చీలు సర్దుతారు.

ఇక పడమటి అద్దాల గోడ సంగతి. మీ ఊరిలో మధ్యాహ్నం రెండు దాటాక పడమటెండ ఏటవాలుగా వచ్చి నేరుగా బల్లల మీద పడుతుంది. కిటికీ పైన వేసే సన్‌షేడ్ నడినెత్తిన ఉన్న ఎండను ఆపగలదు గానీ కిందికి వాలిన ఎండను ఆపలేదు. దానికి నిలువు పలకలో, జాలీలో, చెట్లో ఉండాలి. నాకు తెలిసినంతలో ఇటువంటి గోడలన్నిటికీ ఒకే గతి పట్టింది: ప్రారంభోత్సవమైన తొలి వేసవిలోనే పరదాలు వేస్తారు, ఆ తరువాత వాటిని ఎవరూ తీయరు. అప్పటినుంచి పగలంతా లోపల ట్యూబులైట్లు వెలుగుతూ ఉంటాయి.

ఇది మనకొక్కరికే వచ్చిన తిప్పలు కావు. ప్యారిస్‌లో 1990లలో కట్టిన ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో ఆర్కిటెక్ట్ డొమినిక్ పెరో తెరిచి నిలబెట్టిన పుస్తకాల్లా నాలుగు గాజు గోపురాలు లేపి, పుస్తకాలను వాటిలోనే పెట్టే ఏర్పాటు చేశారు. పాఠకులు కిందనున్న తోట చుట్టూ కూర్చుంటారు. ఎండ తగిలితే కాగితం పాడవుతుందన్న అభ్యంతరం రాగా, చివరకు అద్దాల వెనుక కొయ్య పలకలు అడ్డుపెట్టవలసి వచ్చింది. వెలుతురు కావలసిన మనుషులు కింద, చీకటి కావలసిన పుస్తకాలు ఎండలో అన్నమాట.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఉన్న ఎక్సెటర్ గ్రంథాలయం. అది ఒక పాఠశాలది. లూయీ కాన్ రూపకల్పన చేయగా 1971లో తెరిచారు. అందులో పుస్తకాల అరలన్నీ లోపలి వలయంలో, నీడలో ఉంటాయి. ఇటుక గోడ వెంబడి, కిటికీల దగ్గర, ఒక్కొక్కరికి ఒక్కో కొయ్య బల్ల ఉంటుంది. బల్ల దగ్గరే చిన్న కిటికీ, దానికి జరుపుకునే చిన్న చెక్క తలుపు ఉంటాయి. బయటకు చూడాలనిపిస్తే విద్యార్థి దానిని తెరుచుకుంటాడు, చదువు మీద దృష్టి పెట్టాలంటే మూసుకుంటాడు. పుస్తకం తీసుకుని మనిషి వెలుతురు దగ్గరకు నడుస్తాడన్న ఒక్క ఆలోచన నుంచి ఆ భవనమంతా పుట్టింది. కాన్ చేతి పనిని దగ్గరలో చూడాలంటే అహ్మదాబాదులోని ఐఐఎం ప్రాంగణానికి వెళ్లవచ్చు. అక్కడి విక్రమ్ సారాభాయ్ గ్రంథాలయానికి జరిగిన పునరుద్ధరణ పనికి 2019లో యునెస్కో పురస్కారం కూడా వచ్చింది. అదే ఊళ్లో సెప్ట్ విశ్వవిద్యాలయానికి రాహుల్ మెహ్రోత్రా సంస్థ రూపొందించిన లీలావతీ లాల్‌భాయ్ గ్రంథాలయం 2017లో పూర్తయింది. దానిలో చాలా భాగం నేలకింద ఉంటుంది కనుక పుస్తకాల అంతస్తులు చల్లగా ఉంటాయి. పైభాగానికి తిప్పుకునే పలకల తొడుగు ఉంటుంది. ఎండను బట్టి వాటిని తెరవవచ్చు, మూయవచ్చు. మీ యాజమాన్యానికి గాజు గోడ మీద మోజు ఎక్కువగా ఉంటే, వాదనకు దిగకుండా వారినొకసారి అహ్మదాబాదు తీసుకువెళ్లండి. (నేలకింది అంతస్తు మాత్రం కోనసీమలో వద్దు. నీటిమట్టం మీకు తెలియనిది కాదు.)

మీ భవనాన్ని తూర్పు పడమరలుగా పొడవుగా పరిచి, కిటికీలు ఉత్తర దక్షిణాలకు పెట్టమని అడగండి. ఉత్తరపు వెలుతురు చదువుకు మంచిదని అందరూ అంటారు, నిజమే. అయితే మన అక్షాంశాల్లో సుమారు మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఉదయ సాయంకాలాల్లో మరింత ఉత్తరానికి వాలతాడు. అందువల్ల ఉత్తరపు కిటికీకి కూడా కొద్దిపాటి నీడ ఉండాలి. శీతల దేశాల కోసం రాసిన పుస్తకాల్లో ఈ మాట కనిపించదు.

నడిమి హాలు గురించి రెండు మాటలు. లోపలికి రాగానే ఏ విభాగం ఎక్కడుందో కంటికి కనబడేటట్టు చేసే గుణం దానికుంది, దానిని కాదనలేము. కానీ కింద ఇష్యూ కౌంటరు దగ్గర జరిగే ప్రతి సంభాషణా మూడో అంతస్తులోని పాఠకుని చెవిన పడుతుంది, ఏసీ పెడితే సగం చల్లదనం ఎవరూ కూర్చోని ఖాళీ గాలికే పోతుంది. హాలును ఉంచదలిస్తే పై అంతస్తుల పఠన మందిరాలకూ దానికీ మధ్య అద్దం అడ్డు పెట్టమనండి. అద్దానికి సరైన చోటు అది.

ప్రశ్న: నేను రాలీలో ఎం.ఎస్. చదువుతున్నాను. ఇక్కడి హంట్ లైబ్రరీలో పుస్తకాలను రోబో యంత్రమే తెచ్చిస్తుంది. మన ఊరి కళాశాలలు ఇంకా ఇనుప ర్యాకుల దగ్గరే ఉన్నాయి. అంతా డిజిటల్ అవుతున్న రోజుల్లో కొత్త గ్రంథాలయాల్లో పుస్తకాలకు అంత చోటు అవసరమా? (రాలీ, నార్త్ కరోలినా)

జవాబు: మీరు చెప్పిన గ్రంథాలయం నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయానిది. నార్వే సంస్థ స్నోహెట్టా రూపకల్పన చేయగా 2013లో తెరిచారు. బుక్‌బాట్ అని పిలిచే అక్కడి యంత్ర భాండాగారం ఇరవై లక్షల సంపుటాలను పట్టగలదు. మామూలు ర్యాకులకు పట్టే చోటులో తొమ్మిదో వంతు దానికి చాలు. షికాగో విశ్వవిద్యాలయం 2011లో తెరిచిన మాన్సుయేటో గ్రంథాలయం కూడా ఆ కోవలోదే: పైన గాజు గుమ్మటం కింద చదువుకునే హాలు, భూగర్భంలో ముప్పై ఐదు లక్షల సంపుటాలకు సరిపడే యంత్ర భాండాగారం.

ఆ యంత్రం పెట్టుకున్నది గొప్ప కోసమని అనుకోకండి. పుస్తకాలను చిన్న చోటులోకి నెట్టి, మిగిలిన స్థలమంతా విద్యార్థులకు ఇవ్వడమే దాని ఉద్దేశం. ఆ మిగిలిన స్థలంలో ఏముందో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు: బృందంగా కూర్చునే గదులు, నిశ్శబ్ద పఠన మందిరం, పెద్ద తెరలు, రంగురంగుల కుర్చీలు. ఇరవై లక్షల సంపుటాలున్నచోట ఆ లెక్క కుదురుతుంది. పాతికవేల పుస్తకాలున్న మన డిగ్రీ కళాశాలకు యంత్రం పెడితే, చీపురు కొట్టుకు విద్యుత్ తలుపు బిగించినట్టుంటుంది. పైగా యంత్రం చెడితే బాగుచేసేవారు రావడానికి ఎన్నాళ్లు పడుతుందో మన లిఫ్టుల అనుభవం చెబుతూనే ఉంది.

యంత్రంతో పోయేది ఒకటుంది. అర ముందు నిలబడి, వెతికిన పుస్తకం పక్కనున్న మరో పుస్తకాన్ని తీసి చూడడం అన్నది యంత్రపు పెట్టెల్లో సాధ్యం కాదు. అందుకే హంట్ లైబ్రరీ వారు తెర మీదనే పక్క పుస్తకాలు కనబడే ఏర్పాటు చేశారు. మంచి ప్రయత్నమే. కానీ తెలుగు పుస్తకాల సూచికలు చాలాచోట్ల ఇప్పటికీ పూర్తిగా కంప్యూటరుకెక్కలేదు, ఎక్కినచోట ఒకే రచయిత పేరు మూడు రకాల వర్ణక్రమాల్లో ఉంటుంది. అటువంటప్పుడు మన విద్యార్థికి కళ్లతో వెతకడమే దిక్కు. తెలుగు సాహిత్యాన్ని మూసిన గదిలో పెట్టడమంటే దానిని లేకుండా చేయడమే.

డిజిటల్ సంగతికి వస్తే, శాస్త్ర పత్రికల విషయంలో మీ మాట చాలావరకు నిజం. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వస్తున్నాయి. అటువంటి సంస్థలు బైండు చేసిన పాత పత్రికల సంపుటాలను ఏ అంతస్తులో ఎంతమేర ఉంచాలో మళ్లీ ఆలోచించుకోవచ్చు. అలాగని పత్రిక తెర మీదికి వచ్చినంత మాత్రాన చదివేవాడు గాలిలో కూర్చోడు. అతనికి బల్ల, కుర్చీ, ప్లగ్గు, నిలకడైన వైఫై, కంటికి కొట్టని దీపం కావాలి. పుస్తకాలకు తగ్గిన చోటు పాఠకులకు పెరగాలే గాని, పరిపాలనా విభాగానికి పెరగకూడదు. మన దగ్గర ఖాళీ అయిన పత్రికల హాలులోకి మొదట వచ్చి చేరేది పరీక్షల విభాగం.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కళాశాలలో తరగతి గదుల బ్లాకు రెండో అంతస్తు ఖాళీ అయింది. గ్రంథాలయాన్ని అక్కడికి మార్చాలని ఆలోచన. గోడలు తీసేస్తే పెద్ద హాలు వస్తుంది. ఇందులో ఏమైనా ఇబ్బంది ఉందా? (ఖమ్మం)

జవాబు: ఉంది. దానిని తేలికగా తీసుకోవద్దు.

భవనాల మీద పడే బరువుల గురించి మన దేశంలో అనుసరించే ప్రమాణం ఐఎస్ 875, రెండో భాగం. దాని ప్రకారం తరగతి గది నేలను చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల బరువుకు, అంటే సుమారు 300 కిలోలకు రూపొందిస్తారు. పుస్తకాల ర్యాకులుండే గదికి అది 6 కిలోన్యూటన్లు. అదీ ర్యాకుల ఎత్తు 2.2 మీటర్ల వరకే. ఆపైన పెరిగే ప్రతి మీటరుకు మరో 2 కిలోన్యూటన్లు కలపాలి. మీ గదికీ, మీకు కావలసిన గదికీ రెండింతల తేడా ఉందన్నమాట.

ఇదేదో అతి జాగ్రత్తగా వేసిన అంకె అనుకుంటారేమో, మీ దగ్గరున్న ర్యాకుతోనే లెక్క చూడండి. ఒక మీటరు పొడవున నింపిన పుస్తకాలు పాతిక నుంచి నలభై కిలోలు తూగుతాయి. ఇంజినీరింగ్ పుస్తకాలు, బైండు సంపుటాలు నలభైకి దగ్గరగా ఉంటాయి. రెండు వైపులా ఏడేసి అరలున్న 90 సెంటీమీటర్ల ర్యాకులో పన్నెండున్నర మీటర్ల పుస్తకాలు పడతాయి. అంటే 315 నుంచి 500 కిలోల వరకు. దానికి ఇనుప ర్యాకు బరువు యాభై అరవై కిలోలు కలపండి. ఆ ర్యాకు, దాని పక్కనున్న దారి కలిపి ఆక్రమించే చోటు సుమారు 1.2 చదరపు మీటర్లు. భాగించి చూస్తే చదరపు మీటరుకు 300 నుంచి 470 కిలోలు తేలుతుంది. మనుషులను ఇంకా లెక్కలో వేయనేలేదు. ర్యాకులను పట్టాల మీద జరిపి దగ్గరకు నెట్టే కాంపాక్టర్లయితే దారులే ఉండవు కనుక ఈ బరువు దాదాపు రెట్టింపవుతుంది. వాటిని మేడ మీద పెట్టే మాట తలపెట్టకండి. ఇక గోడలు తీసే ముందు అవి బరువు మోసే గోడలా, కేవలం అడ్డుగోడలా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చేత రాతపూర్వకంగా తెప్పించుకోండి.

అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు చెప్పుకునే కథ ఒకటుంది: ఆర్కిటెక్ట్ పుస్తకాల బరువు లెక్క వేయడం మరచిపోవడంతో తమ గ్రంథాలయం ఏటా ఒక అంగుళం చొప్పున నేలలోకి దిగిపోతోందని. అది కట్టుకథ, ఊరూరా ఒకే కథ వినిపించడమే అందుకు రుజువు. అయితే కథ అబద్ధమైనా దాని వెనుకనున్న భయం అబద్ధం కాదు. భవనం భూమిలోకి దిగకపోవచ్చు గాని, స్లాబు కిందికి వంగి, పగుళ్లు రావడం మాత్రం నేను చూశాను.

మీకు సులువైన దారి ఒకటుంది. అదే ప్రమాణంలో, పుస్తకాల నిలవకు వేరే గది ఉన్నప్పుడు పఠన మందిరానికి 3 కిలోన్యూటన్లు చాలని ఉంది. అది తరగతి గదితో సమానం. అంటే రెండో అంతస్తును బల్లలు, కుర్చీలు, కంప్యూటర్లతో పఠన మందిరం చేసుకోవచ్చు. పుస్తకాల ర్యాకులు నేల అంతస్తులో ఉండాలి. ఒకే హాలులో బల్లలూ ర్యాకులూ కలిపి పెట్టాలనుకుంటే మళ్లీ లెక్క మారుతుంది. లిఫ్టు లేకుండా విద్యార్థులు పైకీ కిందికీ తిరగాలన్న ఇబ్బంది ఉంటుంది కాని, ఆ ఇబ్బంది స్లాబు పగలడం కంటె చిన్నది.

ప్రశ్న: మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రెండు తగాదాలు. మాట్లాడితే బయటికి పొమ్మంటారు, ప్రాజెక్టులన్నీ నలుగురం కలిసి చేయవలసినవే. రెండోది, ఉదయం ఏడింటికల్లా ఉద్యోగ పరీక్షలకు చదివేవారు సొంత పుస్తకాలతో వచ్చి కుర్చీలన్నీ నింపేస్తారు. పుస్తకాలు వాడుకోవడానికి వచ్చిన మాకు చోటుండదు. ఈ రెండింటికీ భవనంలో పరిష్కారం ఉందా? (హైదరాబాదు)

జవాబు: రెండింటికీ ఉంది. మొదటిదానికి ఎక్కువ ఖర్చు కూడా లేదు.

శబ్దాన్ని నిషేధించి ఏ గ్రంథాలయమూ గెలవలేదు. దానికొక చోటు చూపించినవే గెలిచాయి. గ్లాస్గో కాలిడోనియన్ విశ్వవిద్యాలయం 2006లో తెరిచిన సాల్టైర్ సెంటర్‌లో కింది అంతస్తు సంతలా ఉంటుంది: సహాయ కేంద్రం, కాఫీ, బృందాల బల్లలు. మెట్లెక్కిన కొద్దీ మాట తగ్గుతుంది, అన్నిటికన్న పై అంతస్తులో గుసగుస కూడా ఉండదు. ఎక్కడ మాట్లాడవచ్చో చెప్పే బోర్డుల అవసరం పెద్దగా ఉండదు, మెట్లే ఆ పని చేస్తాయి. మీ పాత భవనంలోనూ ఇది సాధ్యమే. ద్వారానికి దగ్గరగా ఉన్న హాలును మాటలకు వదిలి, మధ్యలో ర్యాకుల వరుసలు పెట్టి, ఆ వెనుక నిశ్శబ్ద మందిరం ఉంచండి. పుస్తకాలు నిండిన ర్యాకులు కూడా శబ్దాన్ని కొంత మింగుతాయి. విట్రిఫైడ్ టైల్సు, సిమెంటు పైకప్పు, అద్దం ఈ మూడూ ఉన్న గదిలో ఒక కుర్చీ జరిపినా అందరూ తలెత్తి చూస్తారు. అందుకే కుర్చీ కాళ్లకు రబ్బరు బుడిపెలు తొడగడమన్నది ఈ మొత్తం వ్యాసంలో నేను చెప్పే సలహాలన్నిటిలోకీ చవకైనది. పైకప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు తరువాత వేయించుకోవచ్చు.

రెండో సంగతి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి. ఉద్యోగ పరీక్షలకు చదివేవారిని ఆక్రమణదారుల్లా చూసే ధోరణి గ్రంథాలయ సిబ్బందిలో ఉంది. ఒకప్పుడు నాలోనూ ఉండేది. సొంత పుస్తకాలు లోపలికి తేకూడదని నియమం పెట్టి, గేటు దగ్గర సంచులు వెతికించాము. దానివల్ల జరిగిందేమిటంటే, వారు ఫోటోస్టాట్ కాగితాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇరుకైన అద్దె గదిలో నలుగురితో ఉండే కుర్రవాడికి గ్రంథాలయంలో కావలసింది పుస్తకం కాదు. ఫ్యాను, దీపం, మంచినీళ్లు, తన చుట్టూ మరికొందరు చదువుతున్నారన్న ధైర్యం. ఇవి అడగడం తప్పు కాదు. అటువంటివారి కోసం మనం భవనంలో చోటు చూపకపోవడమే తప్పు.

కాబట్టి కొత్తగా కట్టేవారు పఠన మందిరాన్ని పుస్తకాల విభాగం నుంచి విడదీసి, దానికి వేరే ద్వారం, వేరే మరుగుదొడ్లు, వేరే విద్యుత్ మీటరు పెట్టాలి. అప్పుడు పుస్తకాల విభాగానికి తాళం వేసి సిబ్బంది ఇంటికి వెళ్లినా, ఒక్క కాపలాదారుతో మందిరాన్ని రాత్రంతా తెరిచి ఉంచవచ్చు. రాత్రివేళ ఆడపిల్లలు కూడా వచ్చి చదువుకోవాలంటే ఆ ద్వారం వసతిగృహాల వైపు, వెలుతురున్న దారి మీద ఉండాలి గాని, భవనం వెనుక పొదల వైపు ఉండకూడదు. ఇది చిన్న విషయంగా కనబడుతుంది. తలుపు ఎటు పెట్టారన్నదాన్ని బట్టి సగం మంది పాఠకులు రావడమో మానడమో జరుగుతుంది. పుస్తకాల విభాగం లోపల మాత్రం కొన్ని బల్లలను అక్కడి పుస్తకాలు వాడేవారికే కేటాయించడం న్యాయం. మీ ఫిర్యాదు ఆ మేరకు సరైనదే.

ప్రశ్న: నేను చక్రాల కుర్చీలో తిరుగుతాను. మా కళాశాల గ్రంథాలయానికి ర్యాంపు వెనకవైపు, జనరేటరు పక్కన ఉంది. దాని తలుపుకు ఎప్పుడూ తాళమే. ఎవరో వచ్చి తీయాలి. కొత్త భవనాల్లో నియమాలేమిటి? (కడప)

జవాబు: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం విద్యాసంస్థల భవనాలు అందరూ ప్రవేశించగలిగేలా ఉండాలి. ఇది దయాధర్మం కాదు, మీ హక్కు. కొలతలు చెబుతాను, ప్రిన్సిపాలుగారికి రాసే ఉత్తరంలో వాడుకోండి. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలి. ర్యాకుల మధ్య దారి 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు, వరుస చివర కుర్చీ తిప్పుకోవడానికి మీటరున్నర చోటుండాలి. బల్ల కింద మోకాళ్లు పట్టాలి. ఇష్యూ కౌంటరులో కొంత భాగమైనా కూర్చున్నవారికి అందే ఎత్తులో ఉండాలి.

అన్నిటికంటె ముఖ్యం, అందరూ వచ్చే ద్వారమే మీ ద్వారం కూడా కావాలి. కొత్త భవనమైతే నేలను రోడ్డుకు సమంగా ఉంచితే ర్యాంపు అవసరమే రాదు; ముందు పదిమెట్లు కట్టి దానికి హుందాతనమని పేరు పెట్టడం మనకు కోర్టు భవనాల నుంచి వచ్చిన అలవాటు. పై అరలు మీకు అందవు, నిజానికి చాలామంది ఆడపిల్లలకూ అందవు. అడిగిన పుస్తకం తీసి బల్ల దగ్గరకు తెచ్చివ్వడం సిబ్బంది విధుల్లో ఒకటిగా రాయించండి. 1935లోనే గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని పల్లెల రేవులకు చేర్చారు. ఒక హాలులో పది అడుగులు నడిచి పుస్తకం అందించడం మనవాళ్లకు కష్టం కాకూడదు.

ప్రశ్న: సముద్రానికి దగ్గరగా ఉన్న మా కళాశాల గ్రంథాలయానికి కొత్తగా ఏసీ పెట్టారు. అయినా పుస్తకాలకు బూజు పడుతోంది. కారణమేమిటి? (విజయనగరం జిల్లా)

జవాబు: సాయంత్రం ఐదింటికి ఏసీ కట్టేసి వెళుతున్నారు కదా. పగలంతా చల్లబడిన పుస్తకాలకూ గోడలకూ రాత్రి తేమగాలి తగిలి చెమ్మ పడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు తప్పదు. పగలు మాత్రమే నడిపే ఏసీ కంటె, ఎదురెదురు కిటికీలు, ఎప్పుడూ తిరిగే ఎగ్జాస్టు ఫ్యాన్లు పుస్తకాలకు మేలు. అరుదైన పుస్తకాలుంటే వాటికి మాత్రం చిన్న గది కేటాయించి రేయింబవళ్లు తేమను తగ్గించే యంత్రం నడపండి. ర్యాకులను గోడకు జానెడు దూరం జరపండి. చెదలు ఎక్కితే కంటబడుతుంది. తేమను కొలిచే చిన్న మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది, ముందు అది కొనండి.

ప్రశ్న: మాది మహిళా డిగ్రీ కళాశాల. కొత్త భవనం వచ్చే సూచన లేదు. ఉన్న రెండు హాళ్లను మార్చుకోవడానికి కొద్దిపాటి సొమ్ము మంజూరైంది. దేనితో మొదలుపెట్టాలి? (నిజామాబాదు)

జవాబు: సొమ్ము ముట్టుకోకుండా చేయగలిగిన పనులతో మొదలుపెట్టండి. ఒక వారం రోజులు పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి హాళ్లలో నడిచి, ఏ కుర్చీలో ఎవరున్నారో, ఏది ఖాళీగా ఉందో హాలు పటం మీద చుక్కలు పెట్టండి. గేటు రిజిస్టరు ఎంతమంది వచ్చారో చెబుతుంది గాని, వచ్చినవారు ఎక్కడ కూర్చున్నారో చెప్పదు. వారం చివర చూస్తే కొన్ని బల్లల మీద చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, కొన్నిటి మీద ఒక్కటీ ఉండదు. ఖాళీ బల్ల పైన దీపం లేకపోవచ్చు, ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోతుండవచ్చు, లేదా దాని ఎదురుగా ఆఫీసు గది కిటికీ ఉండవచ్చు. ఎవరో చూస్తున్నారనిపించే చోట ఆడపిల్లలు కూర్చోరు.

తరువాత కిటికీల ముందున్న బీరువాలను జరపండి. మన గ్రంథాలయాల్లో కిటికీ దగ్గర ఎప్పుడూ బీరువాయే ఉంటుంది, గది నడుమ చీకటిలో విద్యార్థి ఉంటుంది. ఈ రెంటినీ తారుమారు చేయండి. మూడో పని, ఎవరూ తాకని పాత ఎడిషన్ల గైడ్లను, పది కాపీలున్న పాత సిలబస్ పుస్తకాలను కమిటీ ఆమోదంతో తొలగించండి. గ్రంథాలయం పెరిగే జీవి అని 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్‌గారు తమ అయిదు గ్రంథాలయ సూత్రాల్లో చెప్పిన అయిదో సూత్రాన్ని అందరూ భవనం విస్తరణకే వాడుతారు. జీవి అన్నది పెరగడంతోపాటు వదిలించుకుంటుంది కూడా. స్థానిక చరిత్ర, జిల్లా ప్రచురణలు, మీ కళాశాల పాత సంచికలు మాత్రం వదలకండి. అవి మరెక్కడా దొరకవు.

ఇవి అయ్యాక సొమ్ము సంగతి. మొదట విద్యుత్ పని చేయించండి: బల్ల మీద కనీసం 300 లక్సుల వెలుతురు పడాలి, 500 ఉంటే మంచిది. ర్యాకుల పైన వేసే దీపాల వరుసలను ర్యాకులకు అడ్డంగా బిగిస్తే రేపు ర్యాకులు జరిపినా దీపాలు మార్చనక్కరలేదు, కింది అరకూ వెలుగు అందుతుంది. ప్రతి రెండు కుర్చీలకు ఒక ప్లగ్గు పెట్టించండి. మిగిలిన సొమ్మంతా కుర్చీలకే. అయితే కొటేషన్లలో ధర ఒక్కటే చూసి ఒకేసారి వంద కొనకండి. ముగ్గురు సరఫరాదారుల నుంచి ఒక్కో నమూనా కుర్చీ తెప్పించి హాలులో వేయండి, వాటి మీద ఏమీ రాయకండి. రెండు వారాల తరువాత ఏ కుర్చీ కోసం అమ్మాయిలు ముందుగా వస్తున్నారో దానినే కొనండి. నమూనా ఇవ్వడానికి ఒప్పుకోని సరఫరాదారు దగ్గర ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.